టీ అడిగిన రోజు

మొన్న ఒకమ్మాయి అరసవల్లిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కార్మిక శాఖలో కొత్తగా అధికారిగా చేరింది. ఆయన ముప్పై ఏళ్లు ఇదే పని చేశాడు, అడిగి తెలుసుకో అని ఎవరో నా పేరు చెప్పారట. చేతిలో నోటుపుస్తకం, ముఖంలో బోలెడు ఉత్సాహం. కూర్చోగానే అడిగింది: "సార్, రాజీ చర్చల్లో రెండు పక్షాలూ మనకు విడివిడిగా చెప్పిన మాటలు దాచడం కష్టమా?"

"దాచడం తేలికే" అన్నాను. కాఫీ ఇచ్చి, గుడిలో దర్శనం వేళలు చెప్పి పంపేశాను. పాపం, ఆ అమ్మాయి దర్శనం కోసం రాలేదు. ఆ రోజు నోటితో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఇన్‌స్పెక్షన్లు ఇందులో ఉండవు. అవి సర్వీసు పుస్తకంలో ఉన్నాయి. ఎవరికీ పనికిరావు కాబట్టి అక్కడే ఉండనివ్వండి.

పని ఏమిటంటే

కార్మికులకూ యాజమాన్యానికీ తగువు వస్తుంది. యూనియన్ వాళ్లు నోటీసిస్తారు, లేదా యాజమాన్యం గేటు మూసేస్తుంది. మనం ఇద్దరినీ ఆఫీసుకు పిలుస్తాం. మొదట ఒకే గదిలో కూర్చోబెడతాం, అరుచుకుంటారు. అలసిపోయాక చెరో గదిలోకి పంపి మనం అటూ ఇటూ తిరుగుతాం. అసలు మాట అప్పుడు బయటికి వస్తుంది. అందరి ముందూ ప్రాణం పోయినా ఒప్పుకోనన్న మనిషే తలుపు మూశాక, ఇంతవరకైతే సరే సార్, కానీ నేనన్నట్టు చెప్పకండి అంటాడు. అలా నమ్మి చెప్పింది బయటపెట్టకూడదని చట్టంలోనే రాసి ఉంది. ఇప్పుడు చట్టాల పేర్లు మారాయి, పని మారలేదు.

జనం మనల్ని జడ్జీలనుకుంటారు. మనకు ఎవరినీ శాసించే అధికారం లేదు. మన నోరు గట్టిదన్న నమ్మకం ఒక్కటే మన దగ్గర ఉండేది. ఇంకో సంగతి కూడా మొహమాటం లేకుండా చెబుతాను. రాజీ కుదిర్చానని నేను గర్వంగా రాసుకున్న తగువుల్లో చాలావాటిని నేను తెంచలేదు. పొయ్యి వెలగని వాళ్లు ముందు లొంగిపోయారు, నేను కాగితం మీద సంతకాలు పెట్టించాను.

పెద్దాయన నియమం

శ్రీకాకుళంలో నా మొదటి పై అధికారిని మేమంతా పెద్దాయన అనేవాళ్లం. బక్కపలచటి మనిషి, గొంతు పెంచడం ఎరగడు. ఆయనకు ఒక నియమం ఉండేది. చర్చలు జరుగుతున్నంతసేపూ ఆఫీసులోకి టీ రాకూడదు. తనకు గానీ, యాజమాన్యానికి గానీ, కార్మికులకు గానీ కుండలో నీళ్లే. తగువు తెగాక మాత్రం అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఎదురు కొట్టు నుంచి ఒకేలాంటి గ్లాసుల్లో టీ తెప్పించేవాడు.

దానికి కారణం ఉంది. నేను చేరకముందు ఒకసారి ఎవరో మేనేజరు మర్యాదకని ఆయన గదిలోకి టీ, బిస్కట్లు పంపాడట. వరండాలో కూర్చున్న కార్మికుల కళ్లముందు నుంచే ఆ ట్రే లోపలికి వెళ్లింది. ఆఫీసరు అమ్ముడుపోయాడని క్షణాల్లో పాకిపోయింది. వాళ్లు లేచి వెళ్లిపోయారు, ఆ తగువు కోర్టు దాకా పోయింది. అప్పటి నుంచి పెద్దాయన చర్చల రోజున టీ ముట్టలేదు.

నాకు అది తెగ నచ్చింది. అసిస్టెంట్ లేబర్ కమిషనరునై నా చేతికి అధికారం వచ్చాక నేనూ అదే పాటించాను. జిల్లాలు మారినా ఆ అలవాటు నాతో వచ్చింది, దాంతోపాటు పేరు కూడా వచ్చింది. కమిషనరు టీ అడిగాడంటే తగువు తెగినట్టే అని యూనియన్ల వాళ్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకునేవారు. మేనేజర్లు సైతం వస్తూనే ఈరోజైనా టీ ఇప్పిస్తారా సార్ అని వేళాకోళమాడేవారు. నేను లోలోపల మురిసిపోయేవాణ్ని. లోపలి మాట ముఖంలో కనబడకూడదని అన్నేళ్లు సాధన చేసినవాణ్ని, ఊరందరికీ తెలిసేలా ఒక గుర్తు పెట్టుకుని తిరుగుతున్నానన్న బుద్ధి నాకు లేకపోయింది.

పలాసలో నేను నోరు జారిన మాట

పలాస దగ్గర ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆడవాళ్లు పని మానేశారు. సాయంత్రం గేటు దగ్గర పప్పు దొంగిలించారేమోనని సూపర్‌వైజరు వాళ్లను తడిమి చూసేవాడు. వాణ్ని తీసేస్తే గానీ జీడిపిక్క ముట్టమని కూర్చున్నారు. వాడు యజమానికి బంధువు, తీసే ప్రసక్తే లేదని మేనేజరు అన్నాడు. పది రోజులు గడిచాయి.

ఆడవాళ్లలో అప్పలనరసమ్మ పెద్దది. జీడి అంటి అంటి వేళ్లు నల్లబడిపోయిన చేతులు, తల పూర్తిగా నెరిసింది. మిగిలిన వాళ్లను నీళ్లకు పంపి నాతో ఒంటరిగా మాట్లాడింది.

"ఆడ్ని తీసీకపోయినా పర్నేదు బాబూ. గేటు కాడ తడిమీది ఆడమనిషైతే సాలు, రేపే వచ్చీస్తాం. గానీ నానన్నానని సెప్పీకండి. మావోళ్లు నన్ను బతకనివ్వరు."

నేను మేనేజరు గదిలోకి వెళ్లాను. ఆయన ఎంతకీ దిగి రాలేదు. విసుగెత్తి, వాళ్లందరూ అంత పట్టుదలగా ఏం లేరు, తల నెరిసిన పెద్దావిడ ఒకామె అయితే గేటు దగ్గర ఆడమనిషిని పెడితే చాలంటోంది అనేశాను. పేరు చెప్పలేదు కదా అని నా ధీమా. ఆ ఫ్యాక్టరీలో తల నెరిసినవాళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచించలేదు. మేనేజరు సరేనన్నాడు. సంతకాలయ్యాయి, అందరం టీ తాగాం.

మళ్లీ పని మొదలైన రోజున మేనేజరు గేటు దగ్గర నిలబడి, అందరూ వింటుండగా అప్పలనరసమ్మకు దండం పెట్టాడట. నీ వల్లే ఫ్యాక్టరీ తెరుచుకుందమ్మా అన్నాడట. అతను నిజంగా మంచితనంతోనే అన్నాడని నా నమ్మకం. ఆ రోజు నుంచి పొట్టు తీసే బల్ల దగ్గర ఆవిడ పక్కన ఎవరూ కూర్చోలేదు. నెల తిరక్కుండా పని మానేసింది.

కొన్నాళ్లకు బస్టాండులో కనబడితే నేనే వెళ్లి పలకరించాను. కోపం లేదు. ఒక్కటే అంది: "నాను మీకు సెప్పినాను బాబూ. ఫేట్రీకి సెప్పలేదు."

ఇక మీదట ఒక గదిలో విన్నది ఆవగింజంత కూడా రెండో గదిలోకి పోనివ్వకూడదని ఆ బస్టాండులోనే నిశ్చయించుకున్నాను. అనుకున్నట్టే చేశాను. అది ఎక్కడికి దారి తీసిందో చెప్పాలి.

రెండు గదుల్లో రెండు మాటలు

విజయనగరంలో పనిచేస్తున్నప్పటి సంగతి. దగ్గర్లో ఒక జూట్ మిల్లు మూతపడింది. రెండు మగ్గాలు చూసే మనిషి ఇకపై మూడు చూడాలని యాజమాన్యం అంది, కుదరదని కార్మికులన్నారు. గేటుకు తాళం పడింది. నా దగ్గర ఆరు సార్లు కూర్చున్నారు. యాజమాన్యం తరఫున మూర్తి అని పర్సనెల్ మేనేజరు వచ్చేవాడు. నెమ్మదస్తుడు, యజమానులు చెప్పమన్నది చెప్పి తల వంచుకునేవాడు. యూనియన్ సెక్రటరీ పైడిరాజు. నేత విభాగంలో ఇరవయ్యేళ్లు పనిచేసినవాడు. గట్టిగా మాట్లాడేవాడు, కానీ ఎదుటి మనిషిని ఎప్పుడూ తూలనాడలేదు. ఆ గుణం వల్ల నాకతనంటే అభిమానం.

ఏడోసారి, ఉదయం పదకొండు గంటలప్పుడు, ఎప్పటిలాగే ఇద్దరినీ చెరో గదిలో కూర్చోబెట్టాను. మధ్యలో వరండా, అక్కడ పాతిక మంది దాకా కార్మికులు. ముందు పైడిరాజు గదిలోకి వెళ్లాను. తనతో వచ్చిన ఇద్దరినీ బయటికి పంపి తలుపు దగ్గరికి వేశాడు.

"బాబూ, రాజాం కాడ మిల్లోళ్లు నేతోళ్లని తీసుకుంటన్నారు. నలభై అయిదు నిండితే తీసుకోరట. నాకు వచ్చే నెలకి నిండిపోతాయి. సోమారం లోపల ఎల్లాల. మన మిల్లు తెరుస్తాదంటే ఉండిపోతాను. తెరవదంటే ఎల్లిపోతాను, వయసున్నోళ్లని కూడా తీసుకెల్లిపోతాను. సెక్రటరీనే ఇలగ అంటన్నాడని తెలిస్తే మనోళ్లు సెదిరిపోతారు. ఎవులికీ సెప్పలేదు, మీకే సెప్తన్నాను."

అవతలి గదిలో కనుక్కుని వస్తానన్నాను. నాకూ ఆశ ఉంది. మూర్తి దగ్గరికి వెళ్లి, ఇంకెన్నాళ్లు సాగదీస్తారయ్యా, తెరిచే ఉద్దేశం ఉందా లేదా అని కాస్త కటువుగానే అడిగాను. అతను లేచి కిటికీ రెక్క మూశాడు.

"తెరవరు సార్. మిషన్లు అమ్మేశారు. తీసుకెళ్లేదాకా చర్చలు నడుపుతూ ఉండమన్నారు. ఇక్కడ ఈ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. బయటికొస్తే ఎవరు చెప్పారో వెతకక్కర్లేదు. నా గతి ఏమవుతుందో మీకు తెలుసు. మీరు నోరు జారరని చెబుతున్నాను సార్."

నేను నోరు జారనట. ఏ ఫ్యాక్టరీలో ఎవరి బతుకు మీద ఆ పేరు సంపాదించుకున్నానో అతనికి తెలియదు.

నా దగ్గర ఇప్పుడు రెండు మాటలున్నాయి. ఒకటి పైడిరాజు అడిగిన ప్రశ్న, రెండోది మూర్తి ఇచ్చిన జవాబు. మధ్యలో పది అడుగుల వరండా. ఆ రెండూ కలిస్తే పైడిరాజుకు బతుకుతెరువు నిలబడుతుంది, మూర్తికి పోతుంది. ఎవరికి మేలు చేయాలో ఎంచుకునే హక్కు నాకు చట్టం ఇవ్వలేదు. అప్పలనరసమ్మ మాట చెవిలో అలాగే ఉంది. మూర్తి గదిలోంచి బయటికి వచ్చేసరికి నా నాలుక పిడచకట్టుకుపోయింది.

వరండాలో

గుమ్మం దగ్గర స్టూలు మీద అప్పారావు కూర్చుని ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, ఆ ఆఫీసులో ఎప్పట్నుంచో అటెండరు. నేను ఏ ధ్యాసలో ఉన్నానో నాకే తెలియదు. "అప్పారావూ, టీ చెప్పు" అన్నాను.

అనేశాక గానీ తెలియలేదు. వరండాలో ఉన్న మనుషులు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఒక ముసలాయన తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. పైడిరాజు తన గది గుమ్మంలోకి వచ్చి నా వంక చూశాడు. అన్ని నెలలుగా బిగిసి ఉన్న ఆ ముఖం ఎలా విప్పారిందో నేను చూశాను. ఈ రాతలో ఇంకేది అబద్ధమైనా ఇది కాదు. వాళ్లేమనుకున్నారో ఆ క్షణంలోనే నాకు అర్థమైంది.

ఎంతమందికని నన్ను అడగకుండానే అప్పారావు అందరికీ టీ చెప్పాడు. ఎదురు కొట్టువాడు రెండు విడతలుగా గ్లాసులు మోసుకొచ్చాడు.

ఆగండయ్యా, ఇంకా ఏమీ తెగలేదు, గొంతు ఎండిపోయి అడిగాను అని నేను అనవచ్చు. ఆ మాటలో మూర్తి రహస్యం లేదు. ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతూ ఆలోచిస్తే ఇంత తేలిగ్గా కనబడుతుంది. ఆ వరండాలో మాత్రం, నోరు తెరిస్తే ఉన్నదంతా బయటపడిపోతుందని హడలిపోయాను. టీ వద్దంటే రాజీ చెడిందని చెప్పినట్టే కదా, మూర్తి గదిలోంచి రాగానే ఆ మాటంటే అతనే చెప్పినట్టు కదా అని లెక్కలు వేసుకున్నాను. ఇలాంటి లెక్కల్లో మన శాఖవాళ్లను మించినవాళ్లు లేరు.

కాబట్టి ఆఫీసు భాషలో ఒక ముక్క అన్నాను. చర్చలు కొనసాగుతాయి, మళ్లీ గురువారం కలుద్దాం అన్నాను. పైడిరాజు నవ్వాడు. సంతకాలయ్యేదాకా అధికారులు అలాగే అంటారని అతనికి తెలుసు.

"అలగే బాబూ. మీరేటీ సెప్పక్కర్నేదు" అన్నాడు.

నాకు గ్లాసు అందించింది అతనే. తీసుకున్నాను. అందరితోపాటు తాగాను.

తరవాత

సోమవారం గడిచిపోయింది. రాజాం ఎవరూ వెళ్లలేదు. గురువారం చర్చలకు మూర్తి రాలేదు, ఒంట్లో బాగాలేదని కబురు వచ్చింది. మరి మూడు వారాలకు పట్టపగలు మిల్లు గేటు దగ్గర లారీలు నిలబడ్డాయి. వెంట పోలీసులున్నారు. కార్మికులు అడ్డం పడుకున్నారు, వాళ్లను లేపి పక్కన కూర్చోబెట్టారు. మగ్గాలు వెళ్లిపోయాయి. రాజీ కుదరలేదని నేను రిపోర్టు రాసి పైకి పంపాను. అందులో ఏ తప్పూ లేదు, కావాలంటే ఇప్పటికీ చూసుకోవచ్చు. మూర్తికి వేరే ఊళ్లో ఉద్యోగం దొరికిందని విన్నాను. నేను రహస్యం దాచి కాపాడిన మనిషి అతనొక్కడే.

లారీలు వెళ్లిన మర్నాడు పైడిరాజు నా ఆఫీసుకు వచ్చాడు. వరండాలో మిగిలినవాళ్లు నిలబడ్డారు. గొడవ చేస్తారని అప్పారావు భయపడ్డాడు. చేసుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అతను ఒక్కడే లోపలికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ రోజు మీకు తెలుసా బాబూ?" అన్నాడు.

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అవతలి గదిలో మాటలు నేను చెప్పకూడదు పైడిరాజూ అన్నాను.

"ఆ గదిలో మాట నానడగలేదు. ఆ టీ ఎందుకు అడిగినారో సెప్పండి, సాలు."

"దాహం వేసింది" అన్నాను.

అదే నిజం. చర్చలు మొదలుపెట్టిన రోజు నుంచీ అతనితో నేనన్న మాటల్లో పూర్తి నిజం అదొక్కటేనేమో. అతని వయసు అప్పటికి నలభై అయిదు నిండి నాలుగు రోజులయింది. అంతేనా బాబూ అని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు. తర్వాత ఏ మిల్లూ అతన్ని తీసుకోలేదు. ఏదో కట్టడం దగ్గర కాపలా ఉంటున్నాడని ఒకసారి, పాతపట్నం వైపు కూలికి పోతున్నాడని ఒకసారి విన్నాను.

అమ్మాయీ, నీ నోటుపుస్తకంలో రాసుకోవడానికి సలహా ఇవ్వమంటే నా దగ్గర మంచిదేమీ లేదు. రహస్యం చెబితే ఒకళ్లు పోతారు, దాస్తే ఇంకొకళ్లు పోతారు. పోయేది ఎప్పుడూ వరండాలో కూర్చున్నవాళ్లే. ఈమధ్య వరండాలు కూడా ఖాళీ అయ్యాయట, కాంట్రాక్టు కూలీలకు యూనియన్ లేదు, తగువు పడే ధైర్యం లేదు, నువ్వు కంప్యూటర్లో నోటీసు పెట్టి ఎదురు చూస్తూ కూర్చుంటావట. అది నయమో కాదో నాకు తెలియదు. నువ్వు నియమాలు పెట్టుకుంటే పెట్టుకో. వాటిని నువ్వే తప్పినప్పుడు, తప్పానని అక్కడికక్కడే నోరు తెరిచి చెప్పు. నాకు చేతకాని పని అదే.

ఆ రోజు నా గది తలుపు వేసి వెళ్లాక పైడిరాజు తనవాళ్లతో ఏమన్నాడో నాకు వినబడలేదు. సాయంత్రం ఆఫీసు మూస్తూ అప్పారావు చెప్పాడు. కమిషనరుగారి తప్పేటీ నేదర్రా, ఆయన టీ అడిగితే నానే తొందరపడి తెగిపోనాదని మీకు సెప్పీసినాను, సోమారం మిమ్మల్ని ఆపింది నానే అన్నాడట పైడిరాజు. కొంతమంది అతన్ని తిట్టారట, ఒకతను చెయ్యి కూడా చేసుకున్నాడట. తప్పు నాదని వాళ్లతో చెప్పడానికి ఏ చట్టమూ నాకు అడ్డం లేదు. అందులో దాచాల్సిన రహస్యమేదీ లేదు. వాళ్లు ఇంకా బస్సు కోసం రోడ్డు మీదే ఉన్నారని అప్పారావు అన్నాడు. నేను బీరువాకు తాళం వేసి, వెనక గేటు నుంచి ఇంటికి వెళ్లిపోయాను.